పదకొండు చేపల సాక్ష్యం

ఒక మనిషిని లాకప్‌లో పెట్టించడానికి నిన్న నాకు ఇరవై నిమిషాలు పట్టింది. అతన్ని బయటికి తేవడానికి ఇవాళ సాయంత్రం నాలుగు దాకా గడువుంది. నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి రిమాండుకు పంపుతారు. ఆ తర్వాత నేను తల కిందులుగా తపస్సు చేసినా లాభం లేదు.

జరిగింది చెప్పాలంటే సిగ్గుగా ఉంది, అయినా చెప్పక తప్పదు. మొన్న ఒక ఫ్లాట్‌లో బొద్దింకలకు మందు కొట్టించారు. నిన్న తెల్లవారుజామున ఆ ఇంటి పెద్దావిడ తన గదిలో నోటి వెంట నురగతో, స్పృహ లేకుండా కనిపించింది. హాల్లో ఉన్న అక్వేరియంలో పదకొండు చేపలూ వెల్లకిలా తేలాయి. ఇంటాయన బ్యాంకు మేనేజరు. పోలీసుల పని మీద నమ్మకం లేక నన్ను కూడా పిలిపించాడు. ఇరవై రెండేళ్లుగా ప్రైవేటు డిటెక్టివ్‌గా బతుకుతున్నాను కదా, వెళ్లి చేపల్ని చూసి, ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి ఒక మాటన్నాను. "చేపల తొట్టి మీద గుడ్డ కప్పడం కూడా చేతకానివాడు, మనిషి ప్రాణం సంగతి ఏం పట్టించుకుంటాడు?"

మాట బాగా కుదిరింది. అందరూ తలలూపారు. నాకు లోలోపల ముచ్చటేసింది కూడా. ఇన్‌స్పెక్టర్ ఆ మాటను స్టేట్‌మెంట్‌గా రాయించుకుని నాతో సంతకం పెట్టించాడు. సాయంత్రానికి మందుకొట్టే అతన్ని పట్టుకెళ్లారు.

ఈ ఉదయం తొమ్మిదింటికి అతని భార్య మా ఇంటికొచ్చింది. తిడుతుందనుకుని సిద్ధపడ్డాను. తిట్టలేదు, ఏడవలేదు. పదహారేళ్లుగా ఆయన ఈ పని చేస్తున్నాడనీ, ఎవరింటికెళ్లినా ముందు చేపలుంటే చేపలు, పిట్టలుంటే పిట్టల సంగతి చూశాకే మందు డబ్బా మూత విప్పుతాడనీ, పనికి ముందూ తర్వాతా ఫోటో తీసుకుంటాడనీ చెప్పింది. తర్వాత ఒక్కటే అడిగింది.

"తొట్టి కప్పలేదని మీరు రాసిచ్చారంట. కప్పకపోవడం మీరు చూశారా సార్?"

నేను చూడలేదు. చచ్చిన చేపల్ని చూశాను, అంతే. మిగతాది నా తెలివితేటలు అల్లుకున్నాయి. మంచినీళ్లు తెచ్చిన మా ఆవిడ గ్లాసు ఆమె చేతికిచ్చి, నా వైపు చూడకుండానే లోపలికి వెళ్లిపోయింది. చొక్కా మార్చుకుని బయల్దేరాను.

పది గంటల పదిహేను నిమిషాలకు ఆ ఫ్లాట్ బెల్లు కొట్టాను. పెద్దావిడ ఐసీయూలో ఉంది, లోపలికి ఎవరినీ రానివ్వడం లేదట. అందుకని భార్యాభర్తలిద్దరూ ఇంటికొచ్చి ఉన్నారు. ఇంటాయన నన్ను చూసి సంతోషించాడు. మందుకొట్టినవాడికి ఎన్నేళ్లు శిక్ష పడుతుందని అడిగాడు. అతని భార్య హైస్కూల్లో లెక్కల టీచరు. ఆమె మాత్రం నన్ను చూడగానే వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది.

అక్వేరియం దగ్గర చతికిలబడ్డాను. సాక్ష్యం కదా, ఎవరూ ముట్టుకోవద్దని నిన్న నేనే హుకుం జారీ చేశాను కాబట్టి నీళ్లు అలాగే ఉన్నాయి. చేపల్ని పోలీసులు కవర్లో వేసి తీసుకెళ్లారు. అడుగున గులకరాళ్ల మీద మాత్రం గోధుమరంగు నత్తలు, చిటికెన వేలి గోరంతవి, వందకు పైగా పడి ఉన్నాయి. నిన్న వాటిని చూశాను. చూసి, గులకరాళ్లలో కలిపేశాను.

వాటిని పెంచుతున్నారా అని అడిగాను. ఇంటాయన మొహం చిట్లించాడు. ఎక్కడి పెంపకమండీ, నాలుగు నెలల క్రితం కొన్న నీటిమొక్కతో గుడ్లొచ్చాయి, తీసేకొద్దీ పుడుతున్నాయి, అద్దమంతా జిగురు చేస్తున్నాయని విసుక్కున్నాడు. చొక్కా చెయ్యి మడిచి ఒక నత్తను పైకి తీశాను. గుల్లలోంచి మెత్తటి ఒళ్లు ఊడి నా అరచేతిలో పడింది. కుళ్లు వాసన కొట్టింది. ఇంకో నాలుగు తీశాను. నాలుగూ అంతే.

రంగుచేపలు అమ్మే షాపువాడొకడు నాకు తెలుసు. అక్కడే నిలబడి ఫోన్ చేశాను. పురుగుల మందు గాలి తొట్టిలోకి పోతే ఏమవుతుందని అడిగాను. చేపలు పోతాయన్నాడు. మరి నత్తలు అన్నాను.

"నత్తలకేం అవుతుంది సార్, అవి మొండి ఘటాలు. ఆ మందుకి చేపలు చస్తాయి, నత్తలు మిగులుతాయి. నత్తలు కూడా చచ్చాయంటే అది నత్తల మందు. మోతాదు మించితే చేపల్ని కూడా తీసుకుపోతుంది. రాగి ఉంటుంది దాంట్లో, స్పాంజి నీలంగా మారిందేమో చూడండి."

ఫిల్టరు మూత తీశాను. తెల్లగా ఉండాల్సిన స్పాంజి అంచులు నీలంగా, ఆకుపచ్చగా తేలాయి. తొట్టి కింద అరలో మేత డబ్బా, వల, గొట్టం ఉన్నాయి. వాటి పక్కన దుమ్ములో గుండ్రటి ఖాళీ ఉంది. అక్కడ ఉండాల్సిన సీసా లేదు. గాలి పంపు స్విచ్ మీద, సగం చింపేసిన కాగితపు టేపు ముక్కపై బాల్‌పెన్నుతో "12.05 ఆఫ్" అని రాసి ఉంది. పంపు ఆపిన టైము కూడా రాసిపెట్టుకున్న మనిషిని నేను చేతకానివాడన్నాను.

ఆ టేపు ముందు ఎంతసేపు కూర్చున్నానో గాని, వెనక నుంచి బూట్ల చప్పుడు వినిపించింది. పదకొండున్నర. ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నేను తొట్టిలో చేతులు పెట్టగానే ఇంటాయన ఫోన్ చేసి పిలిపించినట్టున్నాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ ఇన్‌స్పెక్టర్ నాకు స్వయానా బావమరిది. పదేళ్లుగా నా మాట ఒక్కసారీ వినలేదు. విన్నది నిన్న ఒక్కరోజే.

నత్తలు, స్పాంజి, టేపు, అన్నీ చూపించి, మందుకొట్టే అతను తొట్టి కప్పాడనీ, చేపలు చచ్చింది వేరే మందుకనీ, నా స్టేట్‌మెంట్ వెనక్కి తీసుకుంటున్నాననీ చెప్పాను. బావమరిది టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నిన్న మీ మాట మీద లోపలేశాను. ఇవాళ మీ మాట మీద బయటికి వదలాలా బావా? స్టేషనేమన్నా మా అక్క వంటిల్లా, మీరు ఉప్పెక్కువైందంటే మళ్లీ వండి పెట్టడానికి?"

అతనన్నది నిజం. రిమాండు కాగితాలు టైపు అయిపోయాయనీ, వాటిలో మొదటి పేజీ మొదటి వాక్యం నాదేననీ కూడా చెప్పాడు. అయినా అడగాల్సింది అడిగాను.

"అతని ఫోన్ మీ దగ్గరే ఉంది కదా?"

"సీలు వేశాం."

"వేసే ముందు తెరిచి చూశావా?"

బావమరిది టోపీ ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. పని మొదలుపెట్టే ముందూ, ముగించాకా ఫోటో తీసుకోవడం అతని అలవాటని భార్య చెప్పిందన్నాను. బావమరిది వరండాలోకి వెళ్లి స్టేషన్‌కు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టమన్నాను. కానిస్టేబులు సీలు విప్పి, లాకప్ ఊచల్లోంచి పాస్‌వర్డు అడిగి తెలుసుకుని, ఒక్కో ఫోటో చూసి చెప్పాడు. మొన్న మధ్యాహ్నం పన్నెండూ మూడు, తొట్టి మీద తడి దుప్పటి, దాని మీద ప్లాస్టిక్కు. నాలుగూ ఇరవై రెండు, దుప్పటి తీసేసిన తొట్టి.

"చేపలెలా ఉన్నాయ్?" అన్నాడు బావమరిది.

"బానే ఉన్నాయి సార్. పదకొండు. బొడ్డు పైకి తిప్పింది ఒక్కటీ లేదు."

ఫోన్ జేబులో పెట్టుకుని బావమరిది నా మొహం చూడలేదు, నేను అతని మొహం చూడలేదు. తిలాపాపం తలా పిడికెడు. ఆ ఫోటో నిన్ననే చూసి ఉంటే సరిపోయేదని తనే అన్నాడు. సరిపోయేదన్నాను.

ఇద్దరం లోపలికి వచ్చి ఇంటాయన ఎదురుగా కూర్చున్నాం. చేపల మీద అతనికున్న ప్రేమ గురించి మాట కదిపాను. ఆరేళ్లుగా పెంచుతున్నానన్నాడు. మేత ఎవరేస్తారని అడిగాను.

"నేనే. రాత్రి తొమ్మిదింటికి. ఆరేళ్లలో ఒక్కరోజు తప్పలేదు."

"మొన్న రాత్రి కూడానా?"

"మొన్న కూడా."

అనేశాక అతని నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. మొన్న రాత్రి తొమ్మిదింటికి మేత తిన్న చేపలు మధ్యాహ్నం పన్నెండింటి మందుకు చచ్చాయని నిన్న మాతో చెప్పింది ఇతనే. బావమరిది నోట్‌బుక్ తెరిచాడు. వంటింట్లో కుళాయి చప్పుడు ఆగిపోయింది. టీచరమ్మ తడి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇక చాలండి. చెప్పేద్దాం," అంది భర్తతో.

ఆయన చెప్పలేకపోయాడు. ఆమే చెప్పింది. తల దించుకుని, ఎక్కడా ఆగకుండా, తప్పు ఒప్పజెప్పే పిల్లలా చెప్పింది. వాళ్లింట్లో ఉన్నవి బొద్దింకలు కావు. నల్లులు. రెండు నెలలుగా ఉన్నాయి. నల్లుల కొంపని పేరు పడితే గుమ్మంలోకి ఎవరొస్తారు, స్కూల్లో తల్లిదండ్రుల మొహం ఎలా చూడాలి? అందుకని మందుకొట్టే అతనికి కూడా బొద్దింకలనే చెప్పారు. అతను బొద్దింకల మందు తెచ్చి, బొద్దింకలుండే చోట్ల కొట్టి వెళ్లాడు. మంచాలు చూస్తానంటే అక్కర్లేదన్నారు. పెద్దావిడకు ఉబ్బసం కాబట్టి ఆవిడ గదిలోకి మందే పోనివ్వనని అతనే ఖచ్చితంగా చెప్పి, తలుపు సందుకు టేపు వేశాడు. ఆ నాలుగు గంటలూ పెద్దావిడను ఎదురు ఫ్లాట్‌లో, వాళ్ల చంటివాడి మంచం మీద పడుకోబెట్టారు. ఆ ఎదురింటి వాళ్లు ఆ సాయంత్రమే ఊరెళ్లారు, ఇవాళ వస్తారట.

"పోయిన వారం నేను ఒక మాటన్నాను," అంది. "అత్తయ్య పరుపుతోనే వచ్చాయని. ఈయనతో అన్నాను. గట్టిగానే అన్నాను. ఆవిడ పక్కగదిలోనే ఉన్నారు."

నిన్న తెల్లవారుజామున అయిదింటికి గదిలోంచి ఘాటు వాసన వస్తుంటే తలుపు తీశారట. మంచం కింద పేరూ ఊరూ లేని సీసా, ఖాళీది. కోడలి మాట పడలేక అత్త మందు తాగిందని పదిమందీ అనుకుంటారన్న భయం ఇద్దరినీ ఒకేసారి పట్టుకుంది. అంబులెన్సు రావడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ పన్నెండు నిమిషాల్లో ఆమె అత్తగారి మొహం కడిగింది. ఆయన పంపు స్విచ్ మీది టేపు చింపి, నత్తల మందు సీసా మొత్తం తన తొట్టిలో ఒంపేశాడు. చేపలు చస్తే తప్పు మందుకొట్టేవాడి మీదకు పోతుందని. తర్వాత రెండు సీసాలూ చెత్తబండిలో వేశాడు.

ఆరేళ్లు పెంచిన చేపలతో అబద్ధం చెప్పించాడు. ఆ అబద్ధాన్ని విన్నదే తడవుగా నమ్మి, దానికి ఒక అందమైన వాక్యం కూడా తగిలించి సంతకం పెట్టింది నేను.

ఆస్పత్రిలో డాక్టరుకు ఏం మందని చెప్పారని అడిగాను. బొద్దింకల మందనే చెప్పారట. బావమరిది నోట్‌బుక్ మూసేసి నిలబడే డాక్టరుకు ఫోన్ చేశాడు. కంటిపాపలు చూసినప్పుడే తనకు అనుమానం వచ్చిందనీ, ఇది పొలాల్లో కొట్టే రకం మందనీ, దానికి తగ్గ వైద్యమే చేస్తున్నాననీ, నిజం నిన్ననే చెప్పి ఉంటే ఒక రాత్రి గండం తప్పేదనీ ఆయన చీవాట్లు పెట్టాడు. పెద్దావిడకు పొద్దుటే మెలకువ వచ్చిందట, అయిదు నిమిషాలు మాట్లాడొచ్చన్నాడు. ఆ మాట విని ఇంటాయన గోడకు చేరగిలబడి, రుమాలు కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు.

భార్యాభర్తల్ని కూడా వెంటబెట్టుకుని ఆస్పత్రికి బయల్దేరాం. దారిలో బావమరిది స్టేషన్‌కు ఫోన్ చేసి రిమాండు కాగితాలు ఆపమన్నాడు. పెద్దావిడ నోటి మాట రాసుకోగానే అతన్ని వదిలేస్తామన్నాడు. లాకప్ తలుపు తీసేటప్పుడు నేనూ ఉంటానన్నాను.

"సిగ్గుంటే రండి," అన్నాడు.

"ఉంది కాబట్టే వస్తానంటున్నాను," అన్నాను.

ఒంటిగంటా పది నిమిషాలకు నర్సు మమ్మల్ని లోపలికి పంపింది. పెద్దావిడ బక్కపలచని మనిషి. ముక్కుకు గొట్టం, చేతికి సూది. యూనిఫారం చూడగానే దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. బావమరిదిని తలుపు బయట ఉండమని సైగ చేసి, స్టూలు మంచం దగ్గరకు జరుపుకున్నాను. నేనెవరో చెప్పాను. మందుకొట్టే అతను లాకప్‌లో ఉన్నాడని కూడా చెప్పాను, అది నా వల్లనేనని కూడా. ఆవిడ కళ్లు మూసుకుంది.

"అయ్యో. ఆ అబ్బాయి నన్ను చెయ్యి పట్టుకుని ఎదురింటిదాకా నడిపించాడు నాయనా."

చావాలనుకున్నారా అని ఎలాగో అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసింది.

"చావడానికైతే అంత ఖర్చెందుకు? నల్లులు పోతాయనే చల్లాను. నా పరుపుతోనే వచ్చాయంది కోడలు. నిజమే అయ్యుంటుంది. ఈ వయసులో వాళ్లింటికి నేను తెచ్చింది అదా అని సిగ్గేసింది."

వీధిలో సైకిలు మీద నల్లుల మందని అరుచుకుంటూ పోయేవాడిని కిటికీలోంచి పిలిచిందట. కూరగాయల కోసం తాడుకు కట్టి దించే బుట్టలోనే డబ్బులు దించి, సీసా పైకి లాక్కుంది. ఒక చెంచాడు బకెట్టు నీళ్లలో కలపమని వాడు చెప్పాడు. నీళ్లు పోస్తే పరుపు తడిసి కోడలికి తెలిసిపోతుందని, మొన్న రాత్రి అందరూ పడుకున్నాక చిక్కటి మందునే పరుపు కుట్ల వెంట ఒంపి, దాని మీద దుప్పటి పరుచుకుని, వాసన బయటికి పోకుండా కిటికీలు మూసుకుని పడుకుంది. కొడుక్కీ కోడలికీ తెలియకుండా తెల్లారేసరికి పని అయిపోవాలని ఆవిడ ఉద్దేశం.

తలుపు దగ్గర బావమరిది రాసుకుంటున్నాడు. ఇక ఆ మనిషిని వదిలేయవచ్చు. సీసా మొత్తం ఒంపేశారా అని, లేవబోతూ మాటవరసకు అడిగాను.

"సగమే," అంది.

"కొడుకు చూసేసరికి ఖాళీగా ఉందటగా. మిగతా సగం?"

సూది ఉన్న చెయ్యి దుప్పటి అంచును నలుపుతూ ఉంది. మళ్లీ అడిగాను. ఈసారి ఆవిడ గొంతు నాకు వంగితే గాని వినపడలేదు.

"ఎదురింట్లో. వాళ్ల పసివాడి మంచం మీద నన్ను నాలుగు గంటలు పడుకోబెట్టారు. నా చీర మీదుగా ఆ నల్లులు వాడి పరుపులో పడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? సీసా నా సంచిలోనే ఉంది. లేచి వచ్చేముందు పరుపు ఎత్తి కింద చల్లాను. ముందు అక్కడే చల్లాను నాయనా. ఎవరికీ చెప్పకు."

స్టూలు పడిపోయిన చప్పుడుకు నర్సు తలుపు తోసుకొచ్చింది. రెండు రోజులుగా మూసి ఉన్న గది. ఇవాళ వస్తారన్నారు. కారిడార్లో ఉన్న టీచరమ్మ దగ్గర ఎదురింటావిడ నంబరు తీసుకుని, మంచం పక్కకే వచ్చి ఫోన్ చేశాను. ఇంకేమన్నా తెలియాల్సి వస్తే చెప్పగలిగేది పెద్దావిడ ఒక్కతే. బావమరిది అప్పటికే అంబులెన్సు కోసం రెండో ఫోన్లో అరుస్తున్నాడు.

నాలుగో రింగుకు ఒకామె గుసగుసగా పలికింది. పన్నెండింటికే వచ్చారట. బాబు ఇప్పుడే పడుకున్నాడు, మెల్లగా మాట్లాడండి అంది. గదిలో ఏదో వాసనగా ఉందని ఏసీ వేసి తలుపు మూశానని కూడా తనే చెప్పింది.

వెంటనే బాబును ఎత్తుకుని బయటికి రమ్మన్నాను. ఎవరండీ మీరు, ఎందుకు అని అడిగింది. ముక్కూ మొహం తెలియని మగగొంతు బిడ్డను లేపమంటే ఏ తల్లి లేపుతుంది? పెద్దావిడ నా చొక్కా చేతిని పట్టుకుంది. వద్దని తల అడ్డంగా ఊపుతోంది. నిన్న ఒక్క మాటతో ఒక మనిషి పరువు తీశాను. ఇవాళ ఇంకొకరి పరువు నా నోట్లో ఉంది.

"మీ బాబు మంచం మీద మొన్న పెద్దావిడ పడుకున్నారు కదమ్మా. నల్లులు అంటుకుంటాయని ఆ పరుపు కింద ఆవిడ మందు చల్లారు. అది విషం. పరుగెత్తండి."

ఫోన్ నేలమీద పడిన చప్పుడు. అడుగులు. తలుపు తెరిచిన చప్పుడు. ఏసీ హోరు. "కన్నా, లే కన్నా," అని ఆమె గొంతు. మళ్లీ అదే మాట, ఇంకా గట్టిగా.

పెద్దావిడ నా చెయ్యి వదిలేసి మొహం గోడవైపు తిప్పుకుంది.

"లేచాడా?" అంది అటు నుంచే.

నేను ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.